రేచీకటి, జన్యు చికిత్స, మేనరికం: ఒక తల్లి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచీ చీకటి పడితే తడుముకుంటూ నడిచేవాడు. సినిమా హాల్లో స్నేహితుడి భుజం పట్టుకోనిదే సీటు దాకా వెళ్లలేడు. ఈ మధ్య పగటి పూట కూడా గడప దగ్గర విడిచిన చెప్పులు తట్టుకుని తూలుతున్నాడు, పక్కనే నేల మీద పెట్టిన నీళ్ల చెంబును తన్నేస్తున్నాడు. కంటి డాక్టరుగారు రెటినైటిస్ పిగ్మెంటోజా అన్నారు, దీనికి మందు లేదన్నారు. నాది మేనరికం, మేనత్త కొడుకునే చేసుకున్నాను. జబ్బు నా పుట్టింటి రక్తంలోంచి వచ్చిందని మా అత్తగారు అంటున్నారు. ఒక క్లినిక్ వాళ్లు స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో చూపు వస్తుందని, కంటికి నాలుగు లక్షలవుతుందని చెప్పారు. అమెరికాలో జన్యు చికిత్స వచ్చిందని బంధువులు వీడియో పంపారు. ఉన్న రెండెకరాలు అమ్మి ఏదో ఒకటి చేయిద్దామని మావారు తొందరపడుతున్నారు. మా అమ్మాయికి పదిహేనేళ్లు; తనకూ వస్తుందా? తనను మా తమ్ముడి కొడుక్కి ఇవ్వాలని ఎప్పటి నుంచో అనుకున్న మాట ఉంది. అబ్బాయి కాలేజీకి బండి మీద వెళ్లివస్తున్నాడు. జబ్బు పేరు వాడికింకా చెప్పలేదు. ఏం చేయమంటారు?
ఒక తల్లి, గుంటూరు జిల్లా

సమాధానం:

అమ్మా, బేరం కుదిరి అడ్వాన్సు పుచ్చుకోక ముందే మీరు రాయడం మంచిదైంది. పొలం అమ్మవద్దు. ఆ క్లినిక్‌కు వెళ్లవద్దు. ఈ రెండు మాటలకూ కారణాలు వివరంగా చెబుతాను. కానీ వాటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మీరు అడిగిన దాదాపు ప్రతి ప్రశ్నకూ జవాబు ఒక్క విషయం మీదనే ఆధారపడి ఉంది: మీ అబ్బాయిలో దెబ్బతిన్న జన్యువు ఏది? అది తేలకుండా చికిత్స గురించి గానీ, మీ అమ్మాయి పెళ్లి గురించి గానీ, ఎవరి రక్తంలోంచి వచ్చిందన్న తగువు గురించి గానీ ఎవరు ఏం చెప్పినా అది ఊహే అవుతుంది.

ముందు క్లినిక్ సంగతి. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రిక అమెరికాలోని ఫ్లోరిడాకు సంబంధించిన ఒక నివేదికను ప్రచురించింది. 72 నుంచి 88 ఏళ్ల మధ్య వయసున్న ముగ్గురు మహిళలు, వయసుతో వచ్చే మాక్యులర్ డీజెనరేషన్ అనే రెటినా (కంటి వెనక గోడ మీద వెలుతురును పట్టే పొర) జబ్బుతో బాధపడుతూ, ఒక క్లినిక్‌లో తలా 5000 డాలర్లు కట్టి, తమ పొట్ట కొవ్వులోంచి తీసిన కణాలను, స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు) అన్న పేరుతో, రెండు కళ్లలోకీ ఒకేసారి ఎక్కించుకున్నారు. ఇంజెక్షన్‌కు ముందు వారిలో కొందరు ఇంట్లో పనులన్నీ చేసుకోగలిగినంత చూపుతో ఉన్నవారే. కొద్ది రోజుల్లోనే రెటినా ఊడడం, లోపల రక్తస్రావం కావడం జరిగి, ఏడాది తిరిగేసరికి బాగున్న కంటి చూపు 20/200కి (మామూలు కన్ను 200 అడుగుల నుంచి చూడగలిగింది 20 అడుగులకు వస్తే గానీ కనపడనంతగా) పడిపోయింది, కొన్ని కళ్లకైతే వెలుతురు కూడా తెలియకుండా పోయింది. వారి జబ్బు మీ అబ్బాయి జబ్బు కాదు. కానీ ఆ క్లినిక్ వారి వాగ్దానమూ మీకు చెప్పిన వాగ్దానమూ ఒకే అచ్చులో పోసినవి.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో విడుదల చేసిన స్టెమ్ సెల్ మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. కొన్ని రక్త సంబంధమైన జబ్బులకు చేసే మూలుగ మార్పిడి వంటి ఆమోదం పొందిన చికిత్సలను మినహాయిస్తే, మిగతా స్టెమ్ సెల్ ప్రయోగాలేవైనా క్లినికల్ ట్రయల్‌గానే, అంటే మనుషుల మీద అనుమతితో చేసే పరిశోధనగానే జరగాలి, డబ్బు తీసుకుని చేసే వైద్యంగా జరగకూడదు. ట్రయల్ అయితే దానికి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు సంఖ్య ఉంటుంది, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటుంది, పాల్గొన్నవారికి హాని జరిగితే 2019 నాటి నిబంధనల ప్రకారం పరిహారం చెల్లించే బాధ్యత నిర్వాహకుల మీద ఉంటుంది. రోగి దగ్గర నాలుగు లక్షలు వసూలు చేసే ట్రయల్ ఉండదు. నా మాట మీద అనుమానం ఉంటే ఆ క్లినిక్‌కు ఫోన్ చేసి నమోదు సంఖ్య ఎంత అని అడగండి; జవాబు చెప్పకుండా మాట దాటవేస్తే ఇక అటు వెళ్లనక్కరలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మీ బంధువుల్లో ఎవరో ఒకరు, హైదరాబాద్‌లోనే స్టెమ్ సెల్ చికిత్సతో చూపు వచ్చినవాళ్లున్నారు కదా అని తప్పక అంటారు. అది నిజమే. 1987 నుంచి హైదరాబాద్‌లో నడుస్తున్న ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు ఈ రంగంలో ప్రపంచానికి దారి చూపినవారిలో ఉన్నారు. తాంబూలంలోకి వాడే సున్నం కళ్లలో చింది, లేదా యాసిడ్ పడి, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) పైభాగం కాలిపోయినవారికి, బాగున్న రెండో కంటి అంచు నుంచి కొద్దిపాటి కణజాలం తీసి, ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటి మీద అతికించే సులభమైన పద్ధతిని అక్కడి వైద్యులే 2012లో వెలువరించారు. అయితే అది కంటి ముందుభాగంలో ఉన్న పైచర్మాన్ని తిరిగి పెంచడం. మీ అబ్బాయి జబ్బు కంటి వెనక గోడకు ఆనుకుని ఉన్న రెటినాలో, మెదడుతో తీగలల్లుకున్న నాడీకణాల పొరలో ఉంది. అక్కడ చనిపోయిన కణం స్థానంలో కొత్తదాన్ని పెట్టి, దాన్ని మెదడు దాకా సరిగా కలపగలిగిన ఆమోదిత చికిత్స ప్రపంచంలో ఎక్కడా లేదు. స్టెమ్ సెల్ అనే మాట రెండింటికీ ఒకటే కావడం వల్ల మోసం చేసేవారికి పని సులువైపోయింది.

ఇక జబ్బు విషయం. రెటినాలో వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. మసక వెలుతురులో చూడడానికి, పక్కల నుంచి కదిలే వస్తువులను గమనించడానికి పనికివచ్చే రాడ్ కణాలు ఒక్కో కంటిలో సుమారు 12 కోట్లు ఉంటాయి. రంగులకు, చదువుకు, ముఖాలు గుర్తుపట్టడానికి పనికివచ్చే కోన్ కణాలు సుమారు 60 లక్షలు. రెటినైటిస్ పిగ్మెంటోజాలో సాధారణంగా ముందు రాడ్ కణాలు పోతాయి. అందుకే మొదట రేచీకటి వస్తుంది, తర్వాత చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతుంది. మీ అబ్బాయి సెల్‌ఫోన్‌లో చిన్న అక్షరాలు చదవగలుగుతూనే కాలి పక్కనున్న చెంబును తన్నేయడం ఇందువల్లనే. ఫోన్ కనపడుతుంది గానీ చెంబు కనపడదా అని ఇంట్లో ఎవరైనా కసురుకుని ఉంటే, ఇకమీద ఆ మాట అనవద్దని చెప్పండి. రెండూ వేర్వేరు కణాల పని, అతనిలో ఒక రకమే సరిగా మిగిలి ఉంది.

ఈ జబ్బు ప్రపంచంలో సుమారు 4000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. దక్షిణ భారతదేశంలో జరిగిన సర్వేల్లో ఇంతకన్నా ఎక్కువగానే కనిపించింది. దగ్గరి సంబంధాలు చేసుకునే ఆచారం దానికి ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

దీని వెనుక ఉన్న మొదటి జన్యువును, అంటే రాడ్ కణాల్లో వెలుతురును పట్టే రోడాప్సిన్ అనే మాంసకృత్తిని తయారుచేసే జన్యువును, 1990లో అమెరికా శాస్త్రవేత్తలు గుర్తించారు. అప్పటి నుంచి ఇప్పటికి ఈ ఒక్క జబ్బుకే 80కి పైగా జన్యువులు కారణమని తేలింది. డాక్టరుగారు ఒకే పేరు చెప్పినా, వైద్యశాస్త్రం దృష్టిలో ఇది ఎనభై జబ్బుల గుంపు. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, లోపల చెడిన యంత్రభాగం ఒక్కొక్కరిలో ఒక్కొక్కటి. బంధువులు పంపిన వీడియోలోని చికిత్సను అర్థం చేసుకోవాలంటే ఇది గుర్తుంచుకోవాలి.

ఆ చికిత్స పేరు లక్స్‌టర్నా. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017 డిసెంబరులో దీనికి ఆమోదం ఇచ్చింది. వంశపారంపర్యంగా వచ్చే ఒక జబ్బుకు, శరీరంలోకి నేరుగా జన్యువును పంపే చికిత్సకు ఆ దేశంలో ఆమోదం రావడం అదే మొదటిసారి. ఆర్.పి.ఇ.65 అనే జన్యువు రెండు ప్రతులూ (తల్లి నుంచి వచ్చినదీ, తండ్రి నుంచి వచ్చినదీ) చెడిపోయినవారికి, హాని చేయని ఒక వైరస్‌లో మంచి ప్రతిని పెట్టి, శస్త్రచికిత్స చేసి రెటినా కిందికి ఎక్కిస్తారు. దీని వెనుక ఒక్కరోజు పని లేదు. ఇదే లోపంతో పుట్టిన బ్రయార్డ్ జాతి కుక్కపిల్లలకు చూపు వచ్చినట్లు 2001లో ప్రకటించారు. 2007లో లండన్‌లోనూ, ఫిలడెల్ఫియాలోనూ మనుషుల మీద ప్రయోగాలు మొదలయ్యాయి. ఫిలడెల్ఫియాలో దీనికి నాయకత్వం వహించినవారు జీన్ బెనెట్, ఆల్బర్ట్ మగ్వైర్ అనే దంపతులు. ఫలితాన్ని కొలిచిన పద్ధతి నాకు చాలా నచ్చింది. నేల మీద బాణం గుర్తులు వేసి, మధ్యలో అడ్డంకులు పెట్టి, వెలుతురు తగ్గిస్తూ నడిపించారు. గదిలో రాత్రి వెలిగించే బెడ్ లైటు పాటి వెలుతురులో కూడా చికిత్స పొందినవారిలో చాలామంది ఎవరి సాయమూ లేకుండా దాటగలిగారు. అంటే మీ అబ్బాయి చెప్పులకు తట్టుకునే గడప లాంటి చోటునే వారు పరీక్షగా పెట్టుకున్నారు. అయితే అది కూడా చూపును మామూలు స్థితికి తీసుకురాలేదు. రెటినాలో బతికున్న కణాలు తగినన్ని మిగిలి ఉన్నవారికే అది పనిచేస్తుంది.

దాని ధర ప్రకటించినప్పుడు రెండు కళ్లకు 8,50,000 డాలర్లు, మన లెక్కలో ఏడు కోట్ల రూపాయల పైమాటే. మీ రెండెకరాలు దాని దరిదాపులకు కూడా రావు. వచ్చినా, ఆర్.పి.ఇ.65 లోపం ఉన్నవారు ఈ జబ్బున్నవారిలో నూటికి కొద్దిమందే. మిగతా జన్యువుల్లో లోపం ఉన్నవారికి ఆ మందు ఎక్కించినా ఉపయోగం శూన్యం. మిగతా వాటి మీద ప్రయోగాలు జరుగుతున్నాయి, అన్నీ గెలవడం లేదు. మగపిల్లల్లో ఎక్కువగా కనిపించే ఆర్.పి.జి.ఆర్. అనే జన్యువు కోసం ఒక పెద్ద కంపెనీ ఆశగా నడిపిన మూడో దశ ప్రయోగం 2025లో అనుకున్న ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. ఇలాంటి వార్తలకు వీడియోలు రావు, అందుకే మీదాకా చేరవు.

కాబట్టి మొదటి పని జన్యు పరీక్ష. రక్తం ఇస్తే చాలు. ఖర్చు వేలల్లో ఉంటుంది, లక్షల్లో కాదు. ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రికి హైదరాబాద్‌తో పాటు విజయవాడలో, విశాఖపట్నంలో కూడా పెద్ద కేంద్రాలున్నాయి. మీకు విజయవాడ దగ్గర. అక్కడ గానీ, రెటినా విభాగమూ జన్యు సలహా సదుపాయమూ ఉన్న మరే పెద్ద ఆసుపత్రిలో గానీ చూపించండి. అబ్బాయి రక్తంతో పాటు మీ ఇద్దరి రక్తమూ ఇవ్వడం మంచిది, లోపం ఎటు నుంచి ఎలా వచ్చిందో నిర్ధారించడానికి అది అవసరమవుతుంది. ఫలితం మూడు రకాలుగా రావచ్చు. కారణమైన మార్పు స్పష్టంగా దొరకవచ్చు; ఏదో మార్పు కనిపించినా అదే జబ్బుకు కారణమా కాదా అని తేల్చలేకపోవచ్చు; ఏదీ దొరకకపోవచ్చు. సుమారు మూడింట రెండు వంతుల కుటుంబాల్లో మొదటిది జరుగుతుంది. దొరకలేదంటే నిరాశపడి రిపోర్టును మూలకు పడేయవద్దు, కొత్త జన్యువులు బయటపడుతున్న కొద్దీ పాత సమాచారాన్నే మళ్లీ విశ్లేషించమని కొన్నేళ్ల తర్వాత అడగవచ్చు. రిపోర్టును సొంతంగా ఇంటర్నెట్‌లో వెతికి అర్థం చేసుకోవద్దు. దాన్ని విప్పి చెప్పడం జెనెటిక్ కౌన్సెలర్ పని, ఆ సమయం కూడా ముందే అడిగి పెట్టుకోండి.

జన్యువు ఏదైనా పనికివచ్చే చికిత్సల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే అవి వార్తల్లోకి వస్తూనే ఉంటాయి. 2021లో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ పరిశోధకులు 58 ఏళ్ల ఒక వ్యక్తి గురించి ప్రకటించారు. ఆయనకు నలభై ఏళ్ల కిందటే ఇదే జబ్బు నిర్ధారణ అయింది, వెలుతురు ఉందో లేదో తప్ప ఏమీ తెలిసేది కాదు. నాచు జాతిలో వెలుతురుకు స్పందించే ఒక మాంసకృత్తి జన్యువును ఆయన ఒక కంటిలో ఇంకా బతికున్న వేరే రకం కణాల్లోకి పంపి, కాంతిని తగిన రంగులోకి మార్చే ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టి, నెలల తరబడి సాధన చేయించారు. బల్ల మీదున్న నోట్‌బుక్‌ను వెతికి తాకడం, గ్లాసులు లెక్కపెట్టడం ఆయనకు వచ్చింది. ముఖాలు గుర్తుపట్టడం రాలేదు. దీనిని ఆప్టోజెనెటిక్స్ అంటారు. నా అంచనాలో ఈ జబ్బున్నవారికి దూరపు ఆశల్లో అన్నిటికన్నా గట్టిది ఇదే, ఎందుకంటే ఎనభై జన్యువులకు ఎనభై మందులు తయారయ్యే దాకా ఆగనక్కరలేదు. కానీ అది చూపు దాదాపు పూర్తిగా పోయినవారికి ఉద్దేశించినది. మధ్యచూపు చక్కగా ఉన్న మీ అబ్బాయి ఇప్పుడు దాని కోసం తొందరపడవలసిన పని లేదు.

కంటిలో అమర్చే చిప్‌ల గురించి కూడా మీరు వింటారు. ఆర్గస్-2 అనే పరికరానికి అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. సుమారు 350 మందికి అమర్చాక 2019లో కంపెనీ దాని తయారీ మానేసింది. తలకు కెమెరా అద్దాలు, కంటిలో ఎలక్ట్రోడ్లు ఉన్న మనుషులు మరమ్మతు చేసేవారు లేక మిగిలిపోయారు. 2025లో వార్తల్లోకి వచ్చిన ప్రైమా అనే రెండు మిల్లీమీటర్ల చిప్ ఫలితాలు చాలా బాగున్నాయి, దానితో మళ్లీ అక్షరాలు చదవగలిగినవారున్నారు. అయితే ఆ ప్రయోగం వయసు మళ్లినవారికి వచ్చే మాక్యులర్ డీజెనరేషన్‌లో జరిగింది, ఈ జబ్బులో కాదు. వీడియో వచ్చినప్పుడల్లా ఏ జబ్బుకు, ఏ దశలో ఉన్నవారికి అని ముందు చూసుకోండి.

మందు లేదని డాక్టరుగారు అన్న మాటను సవరించి చెప్పుకోవాలి. మూల కారణానికి మందు లేకపోయినా, ఈ జబ్బుతో పాటు వచ్చి ఉన్న చూపును ఇంకా తగ్గించేవి కొన్ని ఉంటాయి, వాటికి చికిత్స ఉంది. రెటినా మధ్యభాగంలో నీరు చేరి వాచిపోవడం వీరిలో చాలామందికి వస్తుంది. ఓ.సి.టి. అనే స్కానింగ్‌లో అది తెలుస్తుంది, కొన్ని రకాల చుక్కల మందులతో గానీ మాత్రలతో గానీ తగ్గే అవకాశం ఉంది. చిన్న వయసులోనే శుక్లాలు కూడా రావచ్చు, అవి కంటిలోని కటకం వెనకవైపు నుంచి మొదలవుతాయి కాబట్టి ఎండలో కళ్లు జిగేలుమంటాయి. ఆపరేషన్ చేస్తే ఉన్న చూపు తేటపడుతుంది. అందుకని ఏడాదికొకసారైనా పరీక్ష చేయించాలి, చూపు క్షేత్రాన్ని (కన్ను కదపకుండా ఎంత మేర కనపడుతుందో) కొలిచే ఫీల్డ్ టెస్టును కూడా అందులో చేర్చమని అడగాలి.

జబ్బు కంటితో ఆగని రకాలు కూడా ఉన్నాయి. అబ్బాయికి వినికిడి తక్కువగా ఉందా, పుట్టినప్పుడు చేతికో కాలికో ఆరో వేలు ఉండి తీయించారా, వాసన తెలియడం లేదా, నడకలో తూలుడు ఉందా అని డాక్టరు అడిగితే ఇవన్నీ కంటికేం సంబంధమని అనుకోవద్దు. చెవిని కూడా దెబ్బతీసే అషర్ సిండ్రోమ్, మూత్రపిండాలను దెబ్బతీసే బార్డెట్-బీడిల్ సిండ్రోమ్ ఈ గుంపులోనివే. వీటికన్నా అరుదైన రెఫ్సమ్ జబ్బులో ప్రత్యేకమైన ఆహార నియమంతో, విటమిన్ ఇ శరీరంలో నిలవని మరో జబ్బులో ఆ విటమిన్ మోతాదుతో చూపు తగ్గడాన్ని నిజంగానే నెమ్మదింపజేయవచ్చు. అరుదే అయినా, చికిత్స ఉన్న రకాన్ని వదిలేయడం కన్నా పెద్ద తప్పు ఉండదు. జన్యు పరీక్ష చేయించమనడానికి అది కూడా ఒక కారణం.

విటమిన్ ఎ గురించి మీరు అడగలేదు, అయినా ఎవరో ఒకరు మీ చేతిలో ఆ సీసా పెడతారు. ఆ విటమిన్ లోపంతో పిల్లలకు వచ్చే రేచీకటి వేరు, ఇది వేరు. 1993లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన, రోజుకు 15,000 యూనిట్ల విటమిన్ ఎ తీసుకుంటే ఈ జబ్బు కాస్త నెమ్మదిస్తుందని చెప్పింది, ఏళ్ల తరబడి వైద్యులు అదే రాశారు. 2023లో ఆ పాత సమాచారాన్నే, ఇప్పుడు తెలిసిన జన్యు వివరాలను జోడించి మళ్లీ లెక్కగడితే ఆ ఉపయోగం కనిపించలేదు. పైగా ఎ.బి.సి.ఎ.4 అనే జన్యువులో లోపం ఉన్నవారికి అది హాని చేస్తుందని భయం, ఎక్కువ కాలం వాడితే కాలేయానికీ మంచిది కాదు. మునగాకు, క్యారెట్, గుడ్డు ఎంతైనా తిననివ్వండి. మాత్రలు మాత్రం వద్దు. రాడ్ కణాలు చనిపోయాక వాడకం లేని ఆక్సిజన్ పేరుకుని కోన్ కణాలను దెబ్బతీస్తుందన్న ఆలోచనతో ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే పాత మందును ఈ జబ్బులో పెద్ద ఎత్తున పరీక్షిస్తున్నారు. దాని ఫలితం రాకముందే మందుల షాపులో కొని మింగించవద్దు. కాలేజీలో సిగరెట్టు అలవాటైతే మాన్పించండి, అది ఖర్చు లేని వైద్యం.

ఇక మీ అమ్మాయి సంగతి. తల్లిదండ్రులిద్దరికీ చూపు బాగుండి, ఇద్దరూ దగ్గరి బంధువులై, బిడ్డకు జబ్బు వచ్చిందంటే, ఎక్కువ అవకాశం ఇద్దరి నుంచీ చెరొక చెడు ప్రతి చేరడానికే ఉంటుంది. అలాంటప్పుడు ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. పదిహేనేళ్ల పిల్లకు రేచీకటి లేకపోతే అది మంచి సూచనే, అయినా ఒకసారి రెటినా పరీక్ష, వెలుతురుకు రెటినా ఎలా స్పందిస్తోందో విద్యుత్ సంకేతాలతో కొలిచే ఇ.ఆర్.జి. పరీక్ష చేయిస్తే స్పష్టంగా తెలుస్తుంది. ఆమె కన్ను బాగుందని తేలితే, తనకు జబ్బు లేకుండా, ఒకే చెడు ప్రతితో లోపం మోసే అవకాశం మూడింట రెండు వంతులు.

అప్పుడు మీ తమ్ముడి కొడుకు మాట ఆలోచించాలి. మీరు ఆ లోపాన్ని మోస్తున్నారంటే మీ తమ్ముడు మోసే అవకాశం సగం, అతని కొడుకు మోసే అవకాశం పావు. లెక్క కడితే వారికి పుట్టే ఒక్కొక్క బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం సుమారు 24లో ఒకటి. బయటి సంబంధంలో అయితే అవతలి వ్యక్తి అదే జన్యువులో లోపం మోసే అవకాశం చాలా తక్కువ కాబట్టి ఇది ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. ఇంకొక సంగతి. జబ్బు తల్లి నుంచి మగపిల్లలకు వచ్చే రకమని తేలితే ఈ లెక్క మొత్తం మారిపోతుంది. అప్పుడు చూపు బాగున్న మీ తమ్ముడి నుంచి అతని కొడుక్కి ఆ లోపం రాదు, కానీ మీ అమ్మాయి ఆ లోపాన్ని మోస్తూ ఉంటే ఎవరిని చేసుకున్నా పుట్టే మగపిల్లల్లో ఒక్కొక్కరికి సగం ప్రమాదం ఉంటుంది. ఒకే పెళ్లి, ఒకే జంట, జన్యువును బట్టి జవాబు తలకిందులవుతుంది. అందుకే జన్యువు పేరు తెలియకుండా ఆ సంబంధం మీద అవుననీ కాదనీ నేను చెప్పలేను.

అయితే ఇంకొకటి చెప్పగలను. ఆమె లోపం మోస్తోందా లేదా అన్న పరీక్షను ఇప్పుడే చేయించవద్దు. పద్దెనిమిదేళ్లు నిండాక, విషయం అర్థం చేసుకుని తానే కావాలంటే చేయించుకుంటుంది. అది మీకో, మీ తమ్ముడి ఇంటికో ముందుగా తెలియవలసిన విషయం కాదు. పదిహేనేళ్ల పిల్లకు పెళ్లి మాటలు ఇప్పుడెందుకన్నది ఎలాగూ ఉంది. అనుకున్న మాట ఉందని మీరు మొహమాటపడుతున్నట్లు ఉత్తరంలో తెలుస్తోంది. ఈ రిపోర్టు వచ్చే దాకా ఆ మాటను పక్కన పెడుతున్నామని తమ్ముడితో మీరే నేరుగా చెప్పండి.

మీ అత్తగారి మాటకు కూడా జవాబు చెప్పాలి. మీది మేనత్త కొడుకుతో పెళ్లి. అంటే ఆవిడ మీ నాన్నగారికి తోబుట్టువు. మీ పుట్టిల్లే ఆవిడ పుట్టిల్లు కూడా. లోపం ఇద్దరి నుంచీ వచ్చే రకమైతే, అది మీ తాతయ్య, నానమ్మల్లో ఒకరి నుంచి ఒక దారిలో మీ నాన్నగారి ద్వారా మీకూ, మరో దారిలో మీ అత్తగారి ద్వారా మీ భర్తకూ చేరి ఉండడానికే అవకాశం ఎక్కువ. ఇందులో తప్పు చేసినవారెవరూ లేరు. మనందరిలోనూ ఇలాంటి చెడు ప్రతులు కొన్ని ఉంటాయి, జోడీ దొరికే దాకా బయటపడవు. కౌన్సెలర్ వంశవృక్షం గీసేటప్పుడు వీలైతే ఆవిడను కూడా తీసుకెళ్లండి. పెద్దావిడ కాబట్టి పాత తరాల్లో రేచీకటి ఉన్నవారెవరో ఆవిడకే బాగా గుర్తుంటుంది. కాగితం మీద గీతలు చూశాక ఆ నింద ఆవిడే మానుకుంటారని నా నమ్మకం.

చివరగా అబ్బాయి రోజువారీ బతుకు. బండి తాళం ఈ రోజే తీసుకోండి, పగలు కూడా. అంచు చూపు తగ్గినవారికి పక్క నుంచి దూసుకొచ్చే ఆటో, రోడ్డు దాటే పిల్లవాడు కనపడరు, కనపడలేదన్న సంగతి కూడా వారికి తెలియదు. కాలేజీకి బస్సు గానీ, స్నేహితుడి బండి వెనక సీటు గానీ చూసుకోమనండి.

ఫీల్డ్ టెస్టు ఫలితం చేతికొచ్చాక సదరం సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయించండి. అక్షరాలు బాగా చదువుతున్నాడు కదా, మనకు ఎలా ఇస్తారని అనుకోవద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చూపు క్షేత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది: అది 40 డిగ్రీల లోపు ఉంటే తక్కువ చూపు కిందకి, 10 డిగ్రీల లోపుకు కుంచించుకుపోతే అంధత్వం కిందకి వస్తుంది. వైకల్యం 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ వర్తిస్తుంది, పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం అడగవచ్చు. ఆ కాగితం తీసుకుంటే చూపు పోయిందని ఒప్పుకున్నట్లేనని చాలామంది తండ్రులు అడ్డుపడతారు. మీవారు కూడా అలా అంటే, చదువు పూర్తయ్యే లోపు తీసుకోకపోతే నష్టపోయేది అబ్బాయేనని చెప్పండి. ఆసుపత్రి పునరావాస విభాగంలో తెల్ల కర్రతో నడక, మసక వెలుతురులో మెలకువలు నేర్పుతారు. కంప్యూటర్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడే అలవాటు చేసుకుంటే, కంప్యూటర్ మీద పనిచేసే ఉద్యోగానికి చూపు అడ్డు కాకుండా పోతుంది. చూపు ఉండగా నేర్చుకున్నంత సులువుగా తర్వాత రాదు. ఇంట్లో మీరు చేయగలిగింది కూడా ఉంది. చెప్పులకు గోడ వారగా ఒక చోటు పెట్టండి, నడవలో నేల మీద ఏదీ ఉంచవద్దు, మెట్ల అంచులకు తెల్ల రంగు పట్టీ వేయించండి.

ఇవన్నీ చేయాలంటే అబ్బాయికి తెలియాలి కదా. అతను 19 ఏళ్లవాడు. చట్టం ప్రకారం జన్యు పరీక్షకు సంతకం చేయవలసింది అతనే, మీరు కాదు. తన కంటికి ఏదో అయిందన్న సంగతి అతనికి మీకన్నా ముందే తెలుసు, పేరొక్కటే తెలియదు. ఆ పేరును రేపు ఏ ఆసుపత్రి చీటీ మీదో చదువుకుని, అర్ధరాత్రి ఫోన్‌లో ఒంటరిగా వెతుక్కోవడం కన్నా, ఈ ఆదివారం మీరిద్దరూ కూర్చోబెట్టి చెప్పడం నయం. ఈ ఉత్తరం కూడా చదవనివ్వండి. విజయవాడ వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ, కళ్లజోడు చీటీలతో సహా, తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టి అతని చేతికే ఇవ్వండి. డాక్టరును అడగవలసిన ప్రశ్నలు అతన్నే రాసుకోమనండి.